కట్టుతోనే వైద్యం అయిపోదు
చేతి గాయాలపై అపోహలు – వాస్తవాలు

1889లో బొగ్గు తవ్వకం మొదలై సింగరేణికి పుట్టినిల్లయిన ఊరు ఇల్లందు. ఇక్కడ బతుకుదెరువంతా చేతుల మీదే. బొగ్గు పనైనా, పత్తి తీతైనా, మిరప ఏరుడైనా, ఎండాకాలం తునికాకు కోతైనా వేళ్లు వంగితేనే కూలి. అందుకే చేతికి దెబ్బ తగిలితే ఎముక అతికితే చాలదు, పిడికిలి మళ్లీ బిగియాలి. వ్యాయామాలతో, చేతిని సరైన తీరులో నిలిపి ఉంచే స్ప్లింట్లతో ఆ పట్టును తిరిగి తెచ్చే వైద్యమే హ్యాండ్ థెరపీ. ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు దీన్ని చేస్తారు.

అపోహ: కట్టు ఎంత బిగిస్తే ఎముక అంత త్వరగా అతుకుతుంది.
వాస్తవం: ఎముక కదలకుండా ఉంటే చాలు. చెట్టు మీంచి పడి మోచేతి పైఎముక విరిగిన పిల్లలకు వెదురు బద్దలతో బిగించి కడితే, లోపల వాపు పెరిగి రక్తప్రసారం ఆగిపోవచ్చు. అలా ఆగితే కొన్ని గంటల్లోనే కండరాలు చచ్చుబడి, తర్వాత వేళ్లు శాశ్వతంగా ముడుచుకుపోతాయి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. రంగు రాకపోయినా, వేళ్లు మొద్దుబారినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. రంగు బాగానే ఉన్నా, వేళ్లు చాపితే నొప్పి భరించలేకుండా ఉంటే ఆగొద్దు.

అపోహ: కట్టు విప్పేదాకా చెయ్యి కదపకూడదు.
వాస్తవం: కదపకూడనిది విరిగిన చోటునే. మణికట్టుకు పిండికట్టు వేస్తే, డాక్టర్ వద్దంటే తప్ప, వేళ్లూ భుజమూ మొదటి రోజు నుంచే కదపాలి. ముందు వేళ్లు నిటారుగా చాపాలి. తర్వాత కొక్కెంలా వంచాలి. చివరికి నిండు పిడికిలి పట్టాలి. చేతిని గుండె కంటే ఎత్తున ఉంచితే వాపు తగ్గుతుంది.

అపోహ: నూనె రాసి గట్టిగా తోమితే బిగిసిన మోచేయి వంగుతుంది.
వాస్తవం: దెబ్బతిన్న మోచేతిని బలవంతంగా తోమి, లాగి వంచితే కండరం లోపలే కొత్త ఎముక పెరిగే ప్రమాదముంది. అప్పుడు కీలు ఇంకా బిగుసుకుంటుంది. రోగి తనంతట తాను మెల్లగా వంచి చాపడమే మేలు.

అపోహ: తెగిన టెండన్‌ను కుట్టేశారంటే పని అయిపోయినట్టే.
వాస్తవం: వేలిని లాగే తాడు టెండన్. కుట్టాక అసలే కదపకపోతే పక్కనున్న కణజాలానికి అతుక్కుంటుంది, తొందరపడి బరువెత్తితే తెగుతుంది. పూర్తి బలం రావడానికి దాదాపు 12 వారాలు పడుతుంది. అందుకే స్ప్లింట్‌లో ఉంచి, తొలి రోజుల నుంచే హద్దు దాటకుండా కదిలిస్తారు. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర్లో కుష్ఠు వల్ల వంకరపోయిన వేళ్లకు టెండన్లు మార్చి అమర్చినప్పుడు, ఆ కండరాలకు కొత్త పని నేర్పింది ఫిజియోథెరపీనే.

అపోహ: ఇంటి పని, చేను పనే వ్యాయామం. వేరే థెరపీ ఎందుకు?
వాస్తవం: పనిలో పడితే బాగున్న వేళ్లే పని లాక్కుపోతాయి, దెబ్బతిన్న వేలు పక్కకు తప్పుకుంటుంది. వదిలేసిన కీలు వారాల్లోనే బిగుసుకుపోతుంది. ఆ వేలికి విడిగా వ్యాయామం చేయించాల్సిందే.

చేతికి కట్టుతోనో కుట్లతోనో ఇంటికి వెళ్లే ముందు డాక్టర్‌ను మూడు మాటలు అడగండి: ఏ వేలు కదపాలి, ఏది కదపొద్దు, థెరపీకి ఎప్పుడు రావాలి? రమ్మన్న రోజున కూలి పోయినా వెళ్లండి. ఒక్కరోజు కూలి మళ్లీ సంపాదించుకోవచ్చు. బిగుసుకుపోయిన చేతిని దారికి తేవడం చాలా కష్టం.