నిల్వ యంత్రాన్ని ఆపే ముందు

సభ్యులు పోసిన పాలు, వెన్న శాతం, చెల్లింపుల లెక్కలను క్లౌడులో, అనగా దూరాన అద్దెకు తీసుకున్న నిల్వ యంత్రాలలో, ఉంచే సంఘాలు గమనించవలసిన విషయమిది. ఇట్టి ఏర్పాటులో సాధారణంగా ప్రతి లెక్కకు 3 ప్రతులు వేర్వేరు యంత్రాలలో ఉంటాయి. ఒకటి ఆగినా మిగిలినవి ఆదుకొంటాయి. ఖర్చు తగ్గుతుందని మూడింటినీ ఒకేసారి తొలగిస్తే లెక్క శాశ్వతంగా పోతుంది.

కావున ఒకసారికి ఒక్క యంత్రాన్నే తీసివేయాలి. ఉన్నవి మూడే అయితే ముందుగా నాలుగవది చేర్చుకోవాలి. తీసివేసే యంత్రానికి కొత్త లెక్కలు రాకుండా చేసి, ఉన్నవాటిని మిగిలిన యంత్రాలకు తరలించాలి. 3 ప్రతులు పూర్తయినట్లు సరిచూసుకున్న తరువాతే ఆపాలి.

పాలు ట్యాంకరుకు ఎక్కించనిదే కూలరు కడగము గదా! లెక్క పోతే పాలు పోసిన రైతుకు ఋజువే మిగలదు.