జ్ఞానస్నానము – గురుత్వము : దర్శి సీమ నుండి ఒక పరిశీలన

ప్రధానశాఖ నుండి విడివడిన బోధకులను దుర్బోధకులనియు, వారి అనుచరులను చీలికవర్గమనియు పేర్కొనుట పరిపాటి. ఈ మాటలు తీర్పును తెలుపునే గాని కారణమును తెలుపవు. ఆంధ్రదేశ క్రైస్తవమున ఇట్టి భేదములకు మూలమేమో దర్శి సీమను ఆధారముగా గొని విచారింతము.

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడువరకు దర్శి తాలూకా నెల్లూరు జిల్లాలోనిది. ఒంగోలు కేంద్రముగా అమెరికన్ బాప్టిస్టులు పనిచేసిన సీమ ఇది. పొరుగున గుంటూరు ప్రాంతమున లూథరన్ల ప్రాబల్యము హెచ్చు. లూథరన్లు శిశువులకు సైతము జ్ఞానస్నానమిత్తురు. బాప్టిస్టులు విశ్వాసము నొప్పుకొన్న వారినే నీట ముంచుదురు. కావున ఈ సంస్కారమును గూర్చిన భేదము ఇచ్చట ఆదినుండియు కలదు.

1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘము నెలకొనెను. 1876–78 నాటి కరవు పిమ్మట, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మంది జ్ఞానస్నానము పొందిరి. వీరిలో అత్యధికులు మాదిగలు. వారికి మార్గదర్శియైన ఎర్రగుంట్ల పేరయ్య అంతకు పూర్వము రాజయోగ గురుసంప్రదాయమున నుండినవాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన గ్రంథము ఈ పూర్వరంగమును వివరించుచున్నది. అనగా గురువు నాశ్రయించు అలవాటు మిషనరీలు కల్పించినది కాదు. అది వారికి పూర్వమే ఈ నేలపై నుండెను.

ఈ అలవాటే పిమ్మట రెండు విధముల వ్యక్తమయ్యెను. లూథరన్ సంఘమున పనిచేసిన ముంగమూరి దేవదాసు, బైబిలు మిషను అను నామము తనకు దర్శనమున ప్రత్యక్షమయ్యెనని చెప్పి, 1938లో రాజమండ్రియందు ఆ సంస్థను స్థాపించెను. స్వప్నములు, దర్శనములు, స్వస్థత, దైవసన్నిధిలో కనిపెట్టుట దాని లక్షణములు. 1960లో ఆయన మరణించినను సంస్థ నిలిచినది; గుంటూరు చెంత ఏటేట మహాసభలు జరుగుచున్నవి. పి. సాలొమన్ రాజ్ 1986 నాటి గ్రంథమున దీనిని జానపద క్రైస్తవముగా పరిశీలించెను.

రెండవవాడు కృష్ణా జిల్లా మునిపల్లె వాస్తవ్యుడు కలగర సుబ్బారావు (1912–1981). 1942లో తనకు క్రీస్తు దర్శనమయ్యెనని చెప్పి, రోగుల స్వస్థతకై ప్రార్థించుచు, క్రీస్తునే గురువుగా కీర్తించెను. కాని జ్ఞానస్నానమును, సంఘమును, పాదరీల అధికారమును నిరాకరించెను. కాయ్ బాగో 1968లో ఈ ఉద్యమముపై గ్రంథము వెలువరించెను.

దేవదాసు సంఘమును వీడి మరియొక సంఘమును కట్టెను. సుబ్బారావు సంఘమే వలదనెను. ఇరువురిని ఒకే పేరున పిలుచుట యుక్తము కాదు. సుబ్బారావు కమ్మ కులజుడు. అట్టివానికి జ్ఞానస్నానము కులమును, బంధువర్గమును వీడుటగా తోచుట సహజము. గుండ్లకమ్మలో మునిగిన మాదిగకో, అది నలుగురిలో తలయెత్తుకొను దినము. ఒకనికి సంకెలగా కనబడినది మరియొకనికి గౌరవచిహ్నము. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి క్రైస్తవుడైన దళితునకు షెడ్యూల్డు కులపు హోదా లేదు. కావున జ్ఞానస్నానము కావలెనా వలదా యను ప్రశ్న వేదాంతచర్చతో ముగియునది కాదు. చదువును, కొలువును సైతము అది తాకుచున్నది.

కాబట్టి దర్శి సీమ గ్రామములలో భిన్నశాఖల చరిత్రను సేకరించువారు బోధకుని సిద్ధాంతముతో పాటు అతని శ్రోతల స్థితిని కూడ నమోదు చేయవలెను. ఎవడు ఏమి బోధించెనను దానికన్న, ఆ బోధను వినినవారు ఏమి కోల్పోయిరి, ఏమి పొందిరి యను ప్రశ్నయే చీలికకు కారణమును చూపగలదు.