ఆన్‌లైన్ పాఠాల్లో దోషాల నమోదు: రెడ్‌మైన్ అమరిక

1. ఉపోద్ఘాతం:
అచ్చుపుస్తకం చివర తప్పొప్పుల పట్టికను చేర్చడం తెలుగు ప్రచురణలో స్థిరపడిన పద్ధతి. అచ్చయిన రూపమూ, ఉండవలసిన రూపమూ రెండూ అందులో పాఠకునికి కనబడతాయి. అంతర్జాలంలోని కావ్యపాఠాన్ని నేరుగా దిద్దితే పాత రూపం మరుగున పడుతుంది. నిన్న ఉదాహరించిన పాఠం నేడు అదే పుటలో లేకపోతే పరిశోధకుని వాదానికి ఆధారం ఉండదు. ఈ లోటును తీర్చడానికి 2006లో వెలువడిన రెడ్‌మైన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోని ఇష్యూ ట్రాకింగ్ మాడ్యూల్‌ను ఎలా అమర్చుకోవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది.

2. మాడ్యూల్‌ను చేర్చడం:
ప్రాజెక్టు సెట్టింగ్స్‌లోని మాడ్యూళ్ల జాబితాలో ఇష్యూ ట్రాకింగ్‌ను ఎంచుకొని భద్రపరచాలి. ఆ తర్వాత ట్రాకర్లను, అంటే సమస్యల రకాలను, నిర్ణయించాలి. బగ్, ఫీచర్, సపోర్ట్ అనే తొలి రకాలు సాఫ్ట్‌వేర్ నిర్మాతలకు ఉద్దేశించినవి. పాఠపరిష్కరణకు అచ్చుతప్పు, పాఠాంతరం, అర్థసందేహం అనే మూడు రకాలను నిర్వాహకుడు సృష్టించుకోవచ్చు. అచ్చుతప్పును దిద్దాలి, పాఠాంతరాన్ని మాత్రం నమోదు చేసి నిలుపుకోవాలి. రెండింటినీ ఒకే రకంగా చూస్తే పాఠాంతరం కూడా దోషంగా తొలగిపోయే ప్రమాదముంది.

పద్యసంఖ్య, ఉన్న రూపం, సూచించిన రూపం, ఆధారం అనే అదనపు గడులను కస్టమ్ ఫీల్డ్స్‌గా చేర్చాలి. ‘ఆధారం’ గడిని తప్పనిసరి చేస్తే, అది నింపనిదే సూచన నమోదు కాదు.

3. దశలు, అధికారాలు:
ఏ దశ నుంచి ఏ దశకు ఎవరు మార్చవచ్చో వర్క్‌ఫ్లో పట్టికలో ట్రాకర్‌వారీగా, పాత్రవారీగా నిర్ణయించాలి. పాఠకుడు కొత్త సూచనను నమోదు చేస్తాడు. సవరణకర్త దానిని ‘రిజాల్వ్డ్’ దశ వరకు తీసుకువెళతాడు. ‘క్లోజ్డ్’, ‘రిజెక్టెడ్’ దశలకు మార్చే అధికారం పరిష్కర్తకే ఉండాలి. దిద్దినవారే సరిచూసినవారు కాకుండా ఈ ఏర్పాటు కాపాడుతుంది.

తిరస్కరించిన సూచనలకూ విలువ ఉంది. ప్రాచీన పాఠంలోని ‘వేఱు’ను అచ్చుతప్పుగా భావించి, ‘వేరు’గా మార్చాలని ఒకరు సూచించారనుకుందాం. సాధురేఫంతో ‘వేరు’ చెట్టు మూలం; శకటరేఫంతో ‘వేఱు’ భిన్నమైనది. ఈ కారణాన్ని రాసి తిరస్కరిస్తే, అదే సందేహం కలిగిన మరొకరికి సమాధానం సిద్ధంగా ఉంటుంది.

4. ముగింపు:
ప్రతి సమస్యకు ఒక సంఖ్య లభిస్తుంది. దశలోగాని గడిలోగాని జరిగిన మార్పు పాత విలువ, కొత్త విలువ, మార్చినవారి పేరు, తేదీలతో చరిత్రలో నిలుస్తుంది. అయితే మాడ్యూల్ కావ్యపాఠాన్ని తానుగా దిద్దదు. మూలపుటలో సవరణ చేసి, అక్కడ సమస్య సంఖ్యను సూచించడం సంపాదకుని బాధ్యత. అప్పుడే సిద్ధాంతవ్యాసంలో ఉదాహరించిన పాఠం తరువాత మారినా, ఆ మార్పు ఎప్పుడు, ఎందుకు జరిగిందో పరీక్షకుడు నిర్ధారించుకోగలడు.