మంచం కిందికి దూరిన కుక్క

ఎల్లారెడ్డి నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం రెండు నెలలుగా నా బల్ల మీదే ఉంది. "సార్, మా కుక్క కోడి ఉరికితే ఎంట పడ్తది, బైకు పోతే ఊరవతల దాక ఉరుకుతది. గని కట్టె పట్టుకొని ఎవరన్న ఎదురుంగ నిలవడితే మంచం కిందికి దూరుతది. ఇది ధైర్యం గలదా, పిరికిదా? ట్రైనింగ్ ఇప్పిస్తే దొంగల పడ్తదా?"

కాపలా కుక్కల శిక్షణలో ఉన్న చిక్కంతా ఈ నాలుగు ముక్కల్లోనే ఉంది. కోడి వెంట పడే కుక్క, దొంగ మీద పడే కుక్క ఒకటేనా? ఒకే ఒంట్లో ఉన్నా, ఒకే కోరలతో కరిచినా, ఒకటి కాదు.

పరిభాష సంగతి గబగబా ముగిద్దాం. శిక్షకులు కుక్కలో రెండు 'డ్రైవ్'లు చూస్తారు. పారిపోయేదాన్ని తరిమి పట్టాలన్న తహతహ ప్రే డ్రైవ్. మనం వేట అందాం. మీదికొచ్చేదాన్ని బెదిరించి వెనక్కి పంపాలన్న ఆరాటం డిఫెన్స్ డ్రైవ్. ఇది ఆత్మరక్షణ. దూరంగా కదిలిపోయేది మొదటిదాన్ని లేపుతుంది, ఎదురుగా నిలబడి కళ్ళలోకి చూసేది రెండోదాన్ని. వేట చిన్న పిల్లలోనే కనిపిస్తుంది. గుడ్డపీలిక లాగితే చాలు, ఎగబడుతుంది. ఆత్మరక్షణ ఏడాది, ఏడాదిన్నర దాటితే గాని గట్టిపడదు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతికి వస్తాను. వేటలో కోపం లేదు.

దీన్ని పిల్లులు నేర్పాయి. జ్యూరిచ్‌లో వాల్టర్ హెస్ పిల్లుల మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌లో సన్నని తీగలు దింపి, కాస్త విద్యుత్తు పంపి చూశాడు. పిల్లి వెన్ను విల్లులా వంగింది, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, బుస్సుమంది. ఈ తరహా పరిశోధనకే 1949లో ఆయనకు నోబెల్ వచ్చింది. 1962లో యేల్ విశ్వవిద్యాలయంలో వాస్మన్, ఫ్లిన్ మరో అడుగు వేశారు. హైపోథాలమస్ మధ్యభాగాన్ని తాకితే హెస్ చూసిన రౌద్రమే కనిపించింది. కాస్త పక్కకు జరిపి అంచును తాకితే పిల్లి నోరు మెదపలేదు. తల వంచి, నేలకు ఆనుకుని, ఎలుక దగ్గరికి నిశ్శబ్దంగా నడిచి మెడ పట్టేసింది. బుస లేదు, రౌద్రం లేదు. కూరగాయలు తరిగే మనిషి ముఖంలో ఎంత కోపం ఉంటుందో అంతే.

తరవాతి దశాబ్దంలో యాక్ పాంక్‌సెప్ ఎలుకలను ఇంకో ప్రశ్న అడిగాడు: ఈ విద్యుత్తు మీకు ఇష్టమేనా? నిశ్శబ్దపు కాటు తెప్పించే చోట ఎలుకలు విద్యుత్తును తామే కోరి తెప్పించుకున్నాయి. రౌద్రం తెప్పించే చోట దాన్ని ఆపడానికి పరుగులు పెట్టాయి. వేట అంటే జంతువుకు సుఖం, ఆత్మరక్షణ అంటే బాధ. శిక్షణ అంతా ఈ ఒక్క తేడా మీద నిలబడింది. వేటకు వేరే బహుమతి అక్కర్లేదు, పరుగే బహుమతి. ఆత్మరక్షణకు దొరికే బహుమతి ఒక్కటే, అమ్మయ్య గండం గడిచిందన్న ఊరట.

2017లో యేల్‌లోనే మరో బృందం ఎలుకల మెదడులో అమిగ్దలా కేంద్రభాగాన్ని కాంతితో మేల్కొలిపింది. ఆ ఎలుకలు కీచురాళ్ళనే కాదు, పుల్లలను, సీసా మూతలను కూడా పట్టి కొరికాయి. తోటి ఎలుకల జోలికి మాత్రం పోలేదు. తరమడానికి ఒక నాడీ దారి, దవడ బిగించడానికి ఇంకోటి. రెండోదాన్ని తెంచితే ఎలుక తరుముతుంది, పట్టు మాత్రం బిగియదు.

అసలు డ్రైవ్ అంటే ఏమిటన్న దగ్గర మహామహులూ పప్పులో కాలేశారు. కొన్‌రాడ్ లోరెంజ్ 1973 నోబెల్ గ్రహీత. ఆయన లెక్కలో డ్రైవ్ అంటే నీళ్ళ తొట్టి. నిండుతుంది, పొంగుతుంది, ఒకసారి తూము ఎత్తితే ఖాళీ అవుతుంది. చదవడానికి ఎంత సొంపుగా ఉందో! కానీ బంతి విసిరి చూడండి. పది సార్లు విసిరాక కుక్క ఖాళీ అవడం అటుంచి, పదకొండోసారికి ఇంకా రెచ్చిపోతుంది. 1953లో డేనియల్ లేర్మన్, ఆ తరవాత రాబర్ట్ హైండ్, ఈ సహజాత సిద్ధాంతాన్ని, తొట్టిని చీల్చి చెండాడారు. ఇంకో కొన్‌రాడ్ ఉన్నాడు, ఇంటిపేరు మోస్ట్. జర్మనీలో పోలీసు అధికారి. కుక్కకు నీతీ కృతజ్ఞతా అంటగట్టకండి, హాయి కలిగించిన పని మళ్ళీ చేస్తుంది, బాధ కలిగించింది మానుకుంటుంది అని 1910లోనే పుస్తకం రాశాడు. పద్ధతుల్లో కాఠిన్యం ఎక్కువే గాని, నోబెల్ లేని కొన్‌రాడే నిజానికి దగ్గరగా ఉన్నాడు.

ఇప్పుడు మైదానంలోకి రండి. హైదరాబాద్ శివార్లలో ఒక తెల్లవారుజామున నేను చూసింది ఇది. రెండేళ్ళ మాలినాయ్ జాతి కుక్క. ఎదురుగా దొంగ వేషం కట్టిన డికాయ్, ఎడమ చేతికి జనపనార స్లీవ్. అతను భుజాలు విప్పి, కుక్క కళ్ళలోకి చూస్తూ అడుగు ముందుకు వేశాడు. కుక్క మెడ మీద వెంట్రుకలు లేచాయి, మొరుగు గొంతులోంచి బరువుగా వచ్చింది. దూకి పట్టింది గాని ముందు పళ్ళతోనే. పట్టు నిలవడం లేదు, వదులుతోంది, మళ్ళీ పడుతోంది. చూపు పక్కకు పోతోంది. ఆ క్షణంలో డికాయ్ సగం పక్కకు తిరిగాడు. చూపు దించాడు, చేతిని దూరంగా లాగాడు. అంతే! కుక్క దవడ ముందుకు జరిగి స్లీవ్ లోపలి దాకా బిగిసింది, వెన్ను వెంట్రుకలు వాలాయి, అరుపు ఆగింది. డికాయ్ స్లీవ్ జార్చేశాడు. కుక్క దాన్ని నోట కరుచుకుని, సంతలో కొన్న సరుకులా ఊరేగింది.

శిక్షకుల విద్యంతా ఆ సగం తిరగడంలో ఉంది. మీదికొచ్చిన గండం, పట్టగానే పారిపోయే వేటగా మారింది. బాధ పోయిన ఊరట, దాని వెనకే వేట సుఖం. ఇలా వందల సార్లు జరిగితే భయం వేసినప్పుడు వెనక్కి కాదు, ముందుకు వెళ్ళాలని కుక్క ఒంటికి తెలుస్తుంది. డికాయ్ ఒక్క క్షణం ఆలస్యం చేసి ఇంకా నొక్కితే కుక్క పారిపోతుంది. పారిపోతే గండం తప్పుతుందన్నదీ పాఠమే, అదీ ఒక్క రోజులో వంటబడుతుంది. అలాగని వేట ఒక్కటే నేర్పితే స్లీవ్ పిచ్చి పడుతుంది. చేతికి స్లీవ్ లేని దొంగ, కదలకుండా నిలబడ్డ దొంగ, దానికి దొంగే కాడు.

వేట ఊసే లేకుండా కాపలా కాసే కుక్కలూ ఉన్నాయి. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో కోతలయ్యాక పొలాల్లో ఎరువు కోసం గొర్రెల మంద పెడతారు. మందలో పిల్లల మధ్య ముడుచుకున్న కుక్కను చూడండి. గొర్రెపిల్ల చెంగున దూకుతుంది, కుక్క చెవి కూడా కదపదు. అమెరికాలో రేమండ్ కాపింగర్ లోకమంతటి మంద కుక్కలను పరిశీలించి ఇదే గమనించాడు: కళ్ళు తెరిచింది మొదలు గొర్రెల నడుమే పెరిగిన కాపలా కుక్కలో వేట వరస దాదాపు కనిపించదు. గొర్రెలను తోలే బోర్డర్ కోలీలో అదే వేట చూడడం, పొంచడం, తరమడం దాకా వచ్చి కాటు దగ్గర ఆగిపోతుంది.

మందను కాసే కుక్కకూ కరిచే కుక్కకూ ఉన్న ఈ తేడా తెలియకనేమో, 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కలను ప్రమాదకరమంటూ రాష్ట్రాలకు లేఖ రాసింది. పిట్‌బుల్ పక్కనే టర్కీ గొర్రెల కాపరుల కంగాల్ కుక్కనూ కూర్చోబెట్టింది. కాటునే వృత్తిగా పెంచిన మాలినాయ్ ఆ జాబితాలో లేదు! ఏప్రిల్‌లో కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు దాన్ని కొట్టేశాయి, అది వేరే కథ.

ఉపయోగాలు అడుగుతారు, చెప్పక తప్పదు. మొయినాబాద్‌లోని ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీలో తయారయ్యే పోలీసు జాగిలాల్లో చాలావాటి పని కరవడం కాదు, వాసన పట్టడం. బాంబు అంటే జాగిలానికి తెలియదు. ఆ వాసన దొరికితే బంతి దొరుకుతుందని తెలుసు. అంటే అక్కడా వేటే. ఇంటి కుక్కను కరిచేలా చేయిస్తామనే వాళ్ళతో మాత్రం నాకు పేచీ ఉంది. చీకటి గదిలో కట్టేసి, కర్రతో కెలికి 'ధైర్యం' నేర్పితే తయారయ్యేది భయం నిండిన కుక్క. దొంగ రాకముందే అది పాలబ్బాయిని కరుస్తుంది.

ఎల్లారెడ్డి పెద్దాయనా, మీ కుక్క పిరికిది కాదు. కోడి దాని వేటను అడిగింది, కట్టె దాని ఆత్మరక్షణను అడిగింది. దొంగ వస్తే మొరిగితే చాలు, మిగతా పని మీది. అనుమానముంటే ఈసారి అది మంచం కింద ఉన్నప్పుడు కట్టె అవతల పెట్టండి, దానికేసి చూడకండి, పక్కకు తిరిగి కూర్చుని తువ్వాల కొసను నేల మీద మెల్లగా ఈడ్చండి. ముందు ముక్కు బయటికొస్తుంది.