కళ్ళు తిరిగితే చెవికి కత్తి ఎందుకమ్మా?

మీ అత్తగారికి చెవి ఆపరేషన్ చేయిస్తే కళ్ళు తిరగడం పోతుందంటున్నారు, చేయించమంటావా తాతయ్యా అని అడిగావు. అది తేల్చాల్సింది ఆవిణ్ణి చూసే డాక్టరు. ఆయన్ని ఏమడగాలో నేను చెబుతాను, ఇలా కూర్చో తల్లీ.

చిన్నప్పుడు ఒప్పులకుప్ప ఆడుతూ టక్కున ఆగితే ఇల్లంతా గిర్రున తిరిగేది కదా? నువ్వు ఆగినా నీ లోపలి చెవిలో ద్రవం ఆగలేదన్నమాట. అక్కడ సన్నని వంపు గొట్టాలు మూడుంటాయి. వాటిలో ద్రవం కదిలితే వెంట్రుకల్లాంటి కొసలున్న కణాలు తల తిరుగుతోందని మెదడుకు కబురు పంపుతాయి. మెనియర్ జబ్బులో లోపలి ద్రవం ఎక్కువై పొరలు ఉబ్బుతాయి. తల కదలకపోయినా తప్పుడు కబురు వెళుతుంది. చెవి దిబ్బడేస్తుంది, హోరు పుడుతుంది, వినికిడి తగ్గుతుంది. ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటల దాకా మనిషి మంచం దిగలేడు. ఈ బాధకు మూలం లోపలి చెవిలో ఉందని 1861లో ప్రాస్పర్ మెనియర్ అనే ఫ్రెంచి డాక్టరు చెప్పాడు.

అలా కాకుండా, పక్క మీద ఒత్తిగిలినప్పుడల్లా తిరిగి నిమిషంలోపే ఆగిపోతుందా? అయితే అది వేరే సంగతి. చెవిలోని సున్నపు పలుకులు చోటు తప్పి ఆ గొట్టాల్లోకి జారి ఉంటాయి. తలను ఒక వరసలో తిప్పి వాటిని బయటికి రప్పిస్తారు. కత్తి అవసరం దాదాపు రాదు. అందుకే ముందు జబ్బేదో తేలాలి.

మెనియరే అని తేలినా మొదట ఉప్పు తగ్గించమంటారు, బిళ్ళలిస్తారు. మీ అత్తగారి ఆవకాయ, అప్పడాల సంగతి కూడా డాక్టరుకి చెప్పు.

ఇక ఆపరేషన్. అలన్ షెపర్డ్ పేరు విన్నావా? 1961లో అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి అమెరికన్. ఆ తర్వాత ఈ జబ్బే వచ్చి ఏళ్ళ తరబడి ఎగరకుండా చేసింది. లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్ అనే డాక్టరు చెవి వెనక ఎముక తొలిచి, లోపలి ద్రవపు సంచిలో సన్నని గొట్టం పెట్టాడు. 1969 మేలో షెపర్డ్‌కి మళ్ళీ ఎగరడానికి అనుమతి వచ్చింది. 1971లో, 47 ఏళ్ళ వయసులో, చంద్రుడి మీద నడిచాడు!

నాకెంతో ఇష్టమైన కథ ఇది. కానీ దీన్ని చూసి తొందరపడకు. 1981లో డెన్మార్క్ డాక్టర్లు 30 మంది రోగుల్ని తీసుకున్నారు. సగం మందికి ఆ సంచి ఆపరేషన్ చేశారు, మిగతావారికి ఎముక మాత్రం తొలిచి సంచి జోలికి పోలేదు. ఎవరికేది చేశారో రోగులకు చెప్పలేదు. రెండు జట్లలోనూ చాలామందికి నెమ్మదించింది. ఈ జబ్బు తనంతట తానే హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది, అదీ చిక్కు. ఆ ఫలితాల మీద తర్వాత నిపుణులు చాలా వాదించుకున్నారు.

గట్టిగా పనిచేసే ఆపరేషన్లూ ఉన్నాయి. వాటికి చెల్లించే వెల కూడా గట్టిదే. లోపలి చెవిలో తూకం చూసే భాగాన్ని తీసేస్తే, తిరుగుడు ఆగుతుంది కానీ ఆ చెవి ఇక వినపడదు. తూకం నరం ఒక్కటే కోస్తే వినికిడిని మిగల్చవచ్చు, అయితే పుర్రె తెరవాలి. చెవిగూబ దాటించి ఇచ్చే జెంటామైసిన్ ఇంజెక్షన్ కత్తి లేకుండానే ఆ భాగాన్ని చంపుతుంది, దానివల్లా వినికిడి దెబ్బతినవచ్చు. ఇలా ఒక వైపు పోయాక మొదటి రోజుల్లో తూలుడు మరీ ఎక్కువ. మెదడు రెండో చెవితో, కళ్ళతో, పాదాలతో మెల్లగా సర్దుకుంటుంది. పెద్దవాళ్ళకు ఆలస్యమవుతుంది, వ్యాయామాలు మానకూడదు.

కాబట్టి ఇవి అడుగు. జబ్బు ఏ చెవిలో ఉంది? రెండోది బాగుందా? ఈ జబ్బు కొందరికి రెండు చెవులకూ వస్తుంది. ఆ చెవిలో వినికిడి ఎంత మిగిలింది, ఆపరేషన్ తర్వాత ఎంత మిగులుతుంది? కళ్ళు తిరిగిన ప్రతిసారీ తేదీ, ఎంతసేపు, చెవిలో ఏమనిపించిందో ఇప్పటినుంచే ఒక పుస్తకంలో రాయించు. పాత వినికిడి పరీక్షల కాగితాలతో పాటు దాన్నీ పట్టుకెళ్ళండి.