జకాత్ - జవాబుదారీ

ఇస్లాం మతానికి మూలస్తంభాలు అయిదు. వాటిలో జకాత్ ఒకటి. నిర్ణీత పరిమితికి మించి ఏడాదిపాటు తన వద్ద నిలిచిన బంగారం, వెండి, నగదు, వ్యాపారపు సరకుల విలువలో ప్రతి ముస్లిం నలభయ్యో వంతు, అంటే నూటికి రెండున్నర చొప్పున, తీసి అర్హులకు ఇవ్వాలి. ఇది దయతలచి వేసే భిక్ష కాదు. కలిగినవారి సంపదలో లేనివారికి గల హక్కు. జకాత్ పొందదగిన వర్గాలు ఎనిమిదని ఖురాన్ చెబుతున్నది. నిరుపేదలు, అప్పులపాలైనవారు, బాటసారులు మొదలైనవారితోపాటు జకాత్‌ను వసూలు చేసే పనివారు కూడా వారిలో ఉన్నారు. వసూలు చేయడం, పంచడం బాధ్యతగల పనులని దీనినిబట్టి తెలుస్తుంది.

ఆ బాధ్యత ఎంత గొప్పదో ఇండోనేషియాలో జరిగిన ఒక విషాదం చాటుతుంది. అది 2008 సెప్టెంబరు, రంజాన్ మాసం. తూర్పు జావాలోని పసురువాన్ పట్టణంలో ఒక సంపన్న కుటుంబం ఇంటివద్దనే జకాత్ పంచిపెట్టింది. మనిషికి ఇచ్చినది 30,000 రూపియాలు. మన లెక్కలో అప్పటికి సుమారు 150 రూపాయలు. దానికోసం వేలమంది ఇరుకు సందులో గుమిగూడారు. తొక్కిసలాటలో 21 మంది స్త్రీలు మరణించారు. ఇచ్చేవారికి మంచి మనసు ఉంది; తగిన ఏర్పాటు లేదు.

ఆ దేశంలో జాతీయ జకాత్ సంస్థ 2001లోనే ఏర్పడింది. అయినా చాలామంది స్వయంగా పంచడానికే ఇష్టపడేవారు. 2011లో కొత్త చట్టం వచ్చింది. దాని ప్రకారం జకాత్ చెల్లించినవారికి రసీదు ఇవ్వాలి. సంస్థల లెక్కలను తనిఖీ చేయించాలి. జాతీయ సంస్థ ఏటా తన జమాఖర్చులను ప్రజలకు ప్రకటించాలి. ఎవరి అవసరం ఎక్కువో చూసి సొమ్ము పంచాలి.

అనుమతి లేనివారు వసూలు చేయరాదని కూడా ఆ చట్టం చెప్పింది. మరి తరతరాలుగా ఆ పని చేస్తున్న మసీదు పెద్దల మాటేమిటి? సంస్థలు లేని చోట వారు అధికారులకు తెలియజేసి ఆ పనిని సాగించవచ్చునని 2013లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది.

ఊరిలో ఎవరింట పొయ్యి వెలగలేదో ఊరివారికే తెలుస్తుంది. కాని సొమ్ముకు లెక్క ఉన్నప్పుడే నమ్మకం నిలుస్తుంది. పుచ్చుకున్నవారి పేర్లు చాటనక్కరలేదు. పంచిన సొమ్ముకు లెక్క మాత్రం చెప్పితీరాలి. మసీదైనా, గుడి అయినా, చర్చి అయినా, మన పాఠశాలలో పోగుచేసే సహాయనిధి అయినా నియమం ఇదే.