ముందు కంటికి, తర్వాతే కెమెరాకు

మా కతర్‌గామ్ బ్రాంచికి వజ్రాలు సానబట్టేవారు చాలామంది వస్తారు. వాళ్ల జేబులో ఉండే పది రెట్ల భూతద్దం నాభ్యంతరం సుమారు 25 మిల్లీమీటర్లు. టెలిస్కోపులో 25 ఎం.ఎం. ఐపీస్ చేసే పనీ అదే. ఈ సంగతి ముందే తెలిస్తే నాకు కొంత డబ్బు మిగిలేది.

మా అమ్మాయికి 130 ఎం.ఎం. అద్దం, 650 ఎం.ఎం. నాభ్యంతరం ఉన్న టెలిస్కోపు కొన్నాను. రెట్లు ఎక్కువైతే మంచిదనుకుని 2 ఎం.ఎం. ఐపీస్ కూడా తీసుకున్నాను. శనిగ్రహం మసక మచ్చలా కనిపించింది. అమ్మాయి ముఖం చిన్నబోయింది.

లెక్క సులువే. 650ని ఐపీస్ మీది అంకెతో భాగిస్తే రెట్లు వస్తాయి: 25కి 26, 10కి 65, 2కి 325. అద్దం వ్యాసానికి రెండింతలు, అంటే 260 దాటితే వివరం పెరగదు. 10 ఎం.ఎం. పెట్టగానే వలయం కనిపించింది. అమ్మాయి కేక వేసింది!

కెమెరాను ఐపీస్ స్థానంలోనే బిగిస్తారు. షార్ప్‌క్యాప్‌తో వీడియో తీసి, ఉచితంగా దొరికే ఆటోస్టాకర్ట్‌కు ఇస్తే, గాలి కదలికకు చెదిరిన ఫ్రేములను పక్కనపెట్టి మంచివాటిని కలుపుతుంది. మన క్యాషియరు నలిగిన నోట్లు ఏరినట్టే!

పిల్లలకు కొనేవారు 25, 10 ఐపీస్‌లతో మొదలుపెట్టండి. కెమెరా సంగతి పిల్లలు అడిగినప్పుడు చూద్దాం.